కొలత దిబ్బ

మార్చి ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం రెండున్నరకు ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సెక్కి, ఎండ పడని వైపు కిటికీ సీటు చూసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు మహానంది. కూర్చున్నాక గుర్తొచ్చింది, బస్సు ఊరు దాటి మలుపు తిరిగితే ఎండంతా ఇటే వస్తుందని. ఇరవై ఏళ్ళుగా ఇదే బస్సు, ఇదే దారి, ఇప్పటికీ నీడ ఏ వైపు ఉంటుందో చెప్పలేడు, కుంటల లోతులు మాత్రం కొలిచి పుస్తకంలోకి ఎక్కిస్తాడు. నీడ అన్న మాట మనసులోకి రాగానే దాన్ని అక్కడే తొక్కిపట్టాడు. నీడ గురించి ఇప్పుడు వద్దు. టైము గురించి ఆలోచించాలి. ఐదు గంటల లోపు ఆదోని ఆఫీసులో ఇంజనీరు మధు సార్ బల్ల మీదికి ఈ సంచి చేరాలి. పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లెలో కుంట తవ్విన పని తాలూకు కాగితాలివి. ఈ సాయంత్రం లోపు అందితే పని ముగిసినట్టు, అందకపోతే నిధులు వచ్చిన దారినే వెనక్కి పోయినట్టు. ఏడాదంతా కుంభకర్ణుడిలా పడుకునే సర్కారు మార్చి చివరి వారంలో లేచి కూర్చుని, అన్నీ ఈ పూటే తిని మూతి తుడుచుకోవాలంటుంది. ముగించడం, మూసేయడం, కట్ట కట్టడం. మహానంది ఉద్యోగమూ అలాంటిదే. వర్క్ ఇన్‌స్పెక్టర్ అని పేరే గానీ ఏడాదికోసారి రాసిచ్చే కాంట్రాక్టు మనిషి. ప్రతి మార్చి ముప్పై ఒకటికి అతన్నీ మూసేస్తారు. ఏప్రిల్ ఒకటిన ఎవరూ కాకుండా ఇంట్లో కూర్చుంటాడు. రెండో తేదీన మధు సార్ సంతకం పెడితే మళ్ళీ తెరుస్తారు, పెట్టకపోతే లేదు.

సంచిలో అన్నిటికన్నా పైన మస్టర్ కాగితాలు రెండున్నాయి, కూలీల హాజరు పట్టీలు. రెండూ మార్చి ఇరవయ్యారు నుంచి చివరి వారానివే. ఒకదాంట్లో ఇరవై రెండు మంది, రెండోదాంట్లో ఇరవై ఒక్కరు. మొదటిది నిజమైంది. రెండోది ఈ పొద్దున స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, కాఫీ తాగి నిదానంగా కూర్చుని తయారు చేసింది. కొట్టివేతలున్న మస్టరుకు నూరు ప్రశ్నలడుగుతారు, అందుకని ఒక పేరు తీసేయాలంటే మొత్తం కొత్తగా రాయడమే మేలు. సంతకాలు చేసేవాళ్ళ సంతకాలు చూసి దించాడు. వేలిముద్రలకు తన వేళ్ళే వాడాడు. ఇది అతను కనిపెట్టిన విద్యేమీ కాదు, ముందున్న ఇన్‌స్పెక్టరు పోతూ పోతూ నేర్పింది. ముద్రలు పధ్నాలుగు కావాలి, దేవుడు చేతులకు పదే ఇచ్చాడు. మిగిలిన నాలుగింటికి కుర్చీలో వెనక్కి వాలి కాలి వేళ్ళు సిరా మెత్త మీద అద్దుతుంటే, భార్య సరస్వతి గుమ్మంలో నిలబడి చూసి, "ఈ వయసులో పారాణి ఏంటికి?" అంది. ఆఫీసు పని అన్నాడు. ఆమె కొబ్బరినూనెలో తడిపిన గుడ్డ తెచ్చిచ్చింది. చూడబోతే కాలి వేళ్ళ ముద్రలే బాగా పడ్డాయి, మట్టి పని చేసే వేళ్ళలాగా వెడల్పుగా. నవ్వొచ్చింది. శనివారం మనిషి చచ్చిపోయాడు, మంగళవారం తనకు నవ్వొచ్చింది. ఇప్పుడు చూసుకుంటే గోళ్ళ అంచున ఊదారంగు ఇంకా పోలేదు.

డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు కదిలింది, మళ్ళీ ఆగింది. ఎవరో పరిగెత్తుకొచ్చి మెట్టు పట్టుకున్నారు. ఎక్కిన మనిషిని చూసి మహానంది తల కిటికీ వైపు తిప్పుకున్నాడు గానీ లాభం లేకపోయింది. శాంతమ్మ. నరసన్న పెళ్ళాం. శనివారం చచ్చిపోయిన నరసన్న పెళ్ళాం, ఈ పొద్దున తీసేసిన ఆ ఒక్క పేరు పెళ్ళాం. బస్సంతా ఖాళీగా ఉంటే వచ్చి వచ్చి అదే సీటు దగ్గర ఆగింది. ముగ్గురు కూర్చునే సీటు. మధ్యలో తన చేతిసంచి పెట్టి ఆ చివర ఒదిగి కూర్చుంది. బొట్టు లేని నుదురు, తడి ఆరని జుట్టు, ఆమె నుంచి కాస్త విరిగిన పాల వాసన. ఇంత ఎండలో పాల వాసన ఏమిటని అతను మొహం కిటికీకి ఆనించాడు.

"నీ కాడికే పోతాండా అన్నా" అంది.

"నా కాడికా?"

"నీ కాడికంటే మీ ఆపీసుకి. ఈ పొద్దుతో కాగితాలు మూసేస్తారంట గదా. మూసేసినాక దేవుడొచ్చి అడిగినా తెరవరంట. మా పక్కింటి రామాంజి సెప్పినాడు. ఆయప్ప పేరు అందులో ఉంటే ఏమన్నా వస్తాదంట, లేకుంటే లేదంట. ఉందో లేదో సూసుకోని వద్దామని."

మట్టి చేసిన మూడో దినం, ఇంట్లోనుంచి కాలు బయట పెట్టకూడదు, అయినా ఏం చేసేదన్నా అని ఆమే మళ్ళీ తప్పు తన మీద వేసుకుంది. కండక్టరు వస్తే ఆధార్ కాగితం చూపించి ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు తీసుకుంది. ఆ చిన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది, ఎవరైనా వెనక్కి అడుగుతారేమో అన్నట్టు. మహానంది చిల్లర కోసం జేబులు తడుముకుంటూ, ఈ మనిషి ఏడిస్తే బాగుండునని అనుకున్నాడు. ఏడ్చేవాళ్ళతో సులువు. ఊరుకో తల్లీ అంటే సరిపోతుంది. ఈమె ఏడవకుండా సరుకుల చీటీ చదివినట్టు మాట్లాడుతోంది. ఆ రామాంజిగాడి నాలుక మీద వాత పెట్టాలి. ఊళ్ళో అందరూ వడదెబ్బ అని ఒప్పుకుని, కాంట్రాక్టరు శేషన్న ఇచ్చిన డబ్బుతో మట్టి చేసి, పోలీసులూ పంచనామాలూ లేకుండా చక్కగా సర్దుకున్నాక, వీడికెందుకు ఈ ధర్మ సూక్ష్మాలు. బస్సు మలుపు తిరిగింది. ఎండ అతని మొహం మీదికి వచ్చి పడింది.

నీడ. సరే, అనుకోవాల్సిందే. కుంట తవ్వేటప్పుడు నేలంతా ఒకేసారి తీసేయరు. అక్కడక్కడా మనిషి కౌగిలికి అందేంత లావున పాత నేలను తవ్వకుండా స్తంభంలా వదిలేస్తారు, నెత్తిన పాత గడ్డితో సహా. అదే కొలత దిబ్బ. దాని నెత్తి నుంచి పాదం దాకా ఎంతుంటే అంత లోతు తవ్వినట్టు. ఇంజనీరు వచ్చి టేపు పెట్టి చూసి రాసుకున్నాక దిబ్బను కూడా తీసేస్తారు, దాంతో పని ముగుస్తుంది. కాంట్రాక్టరు శేషన్న ఆరడుగులు తవ్వించేసరికి కింద గట్టి మొరం తగిలింది, పైన మార్చి తగిలింది. ఎస్టిమేటులో ఉన్నది ఎనిమిది. "కిందికి పోయేకి కాలేదప్పా మహానందీ, పైకి పోదాం" అన్నాడు శేషన్న, బీడీ ఆర్పుతూ. పైకి పోవడమంటే దిబ్బ నెత్తిన రెండడుగుల మట్టి పెట్టి, ఆ పైన గడ్డి పెళ్ళలు పరిచి, పుట్టుకతోనే అంత ఎత్తున్నట్టు చూపించడం. కూలీలకు ఆరడుగుల లెక్క, పుస్తకానికి ఎనిమిది అడుగులు. మధు సార్ కొలతకు వస్తానన్నాడు, ఈ వారంలోనే ఎప్పుడైనా. శుక్రవారం సాయంత్రం కూలీలు వెళ్ళాక మహానంది చొక్కా విప్పి మూడు దిబ్బలకూ తన చేత్తోనే పని చేశాడు. ఎవరికీ అప్పజెప్పలేదు. మట్టి తడిపి, పిసికి, పొర మీద పొర మెత్తి, కట్ట మీద నుంచి గడ్డి పెళ్ళలు వేళ్ళతో సహా కోసుకొచ్చి అతికించాడు. చీకటి పడే వేళకు దూరం నిలబడి చూసుకుంటే అతుకు కనపడలేదు. అబద్ధం ఎందుకు, ఆ క్షణం గర్వంగా ఉండింది.

ఆ గర్వం వాళ్ళ నాన్నది. ఎమ్మిగనూరు నేతపేటలో గుంట మగ్గం మీద ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి. పోగు తెగితే నాలుకతో వేలు తడి చేసుకుని, తెగిన రెండు కొసలూ కలిపి ఒక్క మెలిక తిప్పేవాడు. చీర ఎండకు పట్టుకుని చూసినా ఎక్కడ తెగిందో పెళ్ళికూతురికి తెలియదు, పెళ్ళి పెద్దకు తెలియదు. అతుకు కంటికి కనపడితే అది అతుకు కాదురా, మచ్చ అనేవాడు. మహానందికి మగ్గం రాలేదు గానీ మాట వచ్చింది. మగ్గం గుంట చల్లగా ఉండేది. ఎండాకాలం బడి లేనప్పుడు నాన్న కాళ్ళ దగ్గర ఆ గుంటలో ముడుచుకుని నిద్రపోయేవాడు, తొక్కుడు కర్రల పక్కనే తల. ఒకసారి మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే నాన్న మగ్గం ఆపేసి ఊరికే కూర్చుని ఉన్నాడు. కాలు కదిపితే కర్ర పిల్లవాడి తలకు తగులుతుందని, లేపితే నిద్ర చెడుతుందని, పూటంతా నేయకుండా కూర్చున్నాడు. ఆ వారం చీర పూర్తి కాలేదు, సావుకారు తిట్టాడు. ఇప్పుడు ఇది ఎందుకు గుర్తుకు రావాలి, ఈ బస్సులో, ఈ మనిషి పక్కన. గుంట అనుకుంటే గుంట వస్తుంది, నిద్ర అనుకుంటే నిద్ర వస్తుంది, మనసుకు బుద్ధి ఉందా. నాన్న ఒట్టి వెర్రిబాగులవాడు, అందుకే అప్పులతో పోయాడు.

"ఏమన్నా తింటావా అన్నా" అని శాంతమ్మ సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. ఉడికించిన వేరుశెనక్కాయలు. ఎవరో ఎమ్మిగనూరులో చేతిలో పెట్టారట, తనకు పోవడం లేదట. వద్దన్నాడు. మంచిది కాదు తల్లీ, నీ చేతిది నేను తినకూడదు అని మనసులో అనుకుని, అదేదో పెద్ద నీతిలాగా తనకే అనిపించి, కొంచెం హాయిగా ఊపిరి తీశాడు. ఆమె పొట్లం మళ్ళీ లోపల పెట్టింది.

"సివరాకరికి ఏమన్నా సెప్పినాడా ఆయప్ప? నువ్వు ఆడనే ఉన్న్యావంట గదా."

"ఏం సెప్పలేదు. నిద్దర్లోనే పోయినాడు. ఏమీ తెలీలేదు ఆయప్పకి."

"మంచిదే" అంది ఆమె. "నిద్దరంటే శానా ఇష్టం ఆయప్పకి."

నిద్రంటే ఇష్టం, నిజమే, మధ్యాహ్నం సద్దన్నం తిని, గిన్నె బోర్లించి, తలపాగా విప్పి మొహం మీద వేసుకుని ఎక్కడంటే అక్కడ పడుకునేవాడు. కుంటలో చెట్టు లేదు, పందిరి లేదు. శేషన్న కట్టించిన టార్పాలిన్ కింద శేషన్న కుర్చీ, మహానంది కుర్చీ. కూలీలకు దిక్కు దిబ్బల నీడే. మధ్యాహ్నం రెండున్నరకు ఆరడుగుల దిబ్బ నీడ మనిషి నడుము దాకా వస్తుంది, కాళ్ళు ఎండలోనే ఉంటాయి. శనివారం దిబ్బలు ఎనిమిదడుగులయ్యాయి, నీడ కాళ్ళ దాకా వచ్చింది. నరసన్న కనిపెట్టాడు. పదును కన్ను వాడిది. పలుగు భుజాన వేసుకుని దిబ్బను కింది నుంచి మీదికి చూసి, "పెరిగింది సార్ దిబ్బ. ఉగాదికి ఎరువేసినారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వీడు మధు సార్ ముందు ఈ మాటే అంటే? కానీ నరసన్న నవ్వేసి, "ఏమైతేనేం, నీడ బాగుండాది" అని అక్కడే పడుకున్నాడు. రెండడుగుల అబద్ధం రెండడుగుల నీడ ఇచ్చింది. ఎండకు తడి మట్టి ఆరి బీటలిచ్చింది, పక్క నుంచి లోడు ట్రాక్టరు పోయింది. వేరుశెనగ మూట దించినట్టు ఒక చప్పుడు. అంతే, పెద్ద చప్పుడు కూడా కాదు. టార్పాలిన్ కింద శేషన్న ఫోను మాట్లాడుతూ తల కూడా తిప్పలేదు.

రోడ్డు పక్క తుమ్మకంపలకు పత్తి అంటుకుని ఉంది, లోడు లారీల నుంచి రాలింది. దారి పొడవునా తెల్లగా. కిటికీ రేకు కాలుతోంది. సెల్లు జేబులో ఉంది, అందులో పదకొండు గంటలకు వచ్చిన ఫోటో ఉంది, అది తీసి చూడకూడదు. శాంతమ్మ కొంగు సర్దుకుని, అడగనా వద్దా అన్నట్టు నోరు తెరిచి మూసి, చివరికి అడిగింది. పొద్దున్నే సమాధి కాడ పాలు పోసిందట, మిగిలిన పాలు తీసుకుపోయి ఆ దిబ్బ కాడ కూడా పోసి వచ్చిందట, ప్రాణం పోయింది అక్కడ కదా అని. "ఆ దిబ్బ పదకొండో దినం దాకా అట్లనే ఉండనీ అన్నా. దినాలైనాక తీసేయండి. నీ మాటైతే ఇంటారు."

"అట్లనే" అన్నాడు మహానంది. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చూసి అతనికే ఆశ్చర్యమేసింది. కొలత సంగతి నేను చూసుకుంటా, ముందు చదును చేయించు అని శేషన్న అంటే జేసీబీని పది గంటలకు పంపించింది అతనే. పదకొండుకు వచ్చిన ఫోటోను మధు సార్‌కు పంపేశాడు, కుంట అడుగు పళ్ళెంలా చదునుగా, జేసీబీ చక్రాల గుర్తులతో. పాలు పోసిన తడి ఆరకముందే తీసేసి ఉంటారు. పాలు విరిగిన వాసన మళ్ళీ వచ్చింది, ఆమె కొంగు మీద ఒలికి ఉంటుంది.

"పేరుంది గదన్నా?"

"ఉంది."

"సూపిచ్చు ఒక్కసారి. నాకి సదువు రాదు గానీ ఆయప్ప రాత నాకి తెలుసు."

అవును, నరసన్న వేలిముద్ర వేసేవాడు కాదు. కూతురు కృప పలక మీద నేర్చుకున్నాడట, నలభై ఏళ్ళు దాటాక. సిరా మెత్త చూపిస్తే, వేలికి మసి ఏంటికి సార్, నాకి రాసేకొస్తాది అని పెన్ను అడిగి తీసుకునేవాడు, వెనక పది మంది నిలబడి ఉన్నా తొందరపడకుండా, నాలుక బయట పెట్టి, నాలుగు అక్షరాలు నాటేవాడు. చివరి ఒత్తు గడి దాటి పక్క పేరు మీదికి పోయేది, ఎద్దు తోకలాగా. మహానంది సంచిలో చెయ్యి పెట్టాడు. ముందు తగిలింది ఇరవై ఒక్కరిది. పొరపాటున అదే తీస్తే? ఈమెకేం తెలుస్తుంది? ఏదో ఒక సంతకం చూపించి ఇదే అంటే పోలేదా? వేళ్ళు దాని కింద ఉన్న నిజమైన కాగితం దగ్గర ఆగాయి, దాన్నే పైకి లాగాయి. ఎందుకు లాగాడో అతనికి తెలియదు. ఆమె దాన్ని ఒళ్ళో పరుచుకుని, వేలు పై నుంచి కిందికి జరుపుకుంటూ పోయింది, ఎవరూ చెప్పకుండానే పద్దెనిమిదో గడి దగ్గర ఆగింది. "ఇదే. తోక సూడు" అంది. ఆ తోక మీద వేలు పెట్టి, బస్సు ఎగిరినప్పుడల్లా జరిగిపోతుంటే మళ్ళీ పెట్టి, కాసేపు అలాగే ఉంది. మొహంలో ఏడుపు లేదు. నొప్పి తగ్గిన మనిషిలా ఉంది. "ఉంది" అనుకుంది తనలో తను. ఇది చూడలేక మహానంది బయటికి చూశాడు, బయట చూడ్డానికేమీ లేదు.

నిద్రలో పోలేదు. అదే, అదొక్కటే అతను మూడు రోజులుగా దాటుకుని దాటుకుని పోతున్నాడు. పరిగెత్తుకు పోయేసరికి నరసన్న ఛాతీ మీద, మెడ మీద మట్టి పెళ్ళలు, నోట్లో మట్టి, కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. చెయ్యి లేపాడు, పైకి లాగమనో, నీళ్ళనో. మహానంది ఆ చెయ్యి పట్టుకోలేదు. దిబ్బ వైపు చూశాడు. విరిగిన చోట అతుకు తెలుస్తోంది. కింద పాత ఎర్ర నేల, పైన తడి మట్టి, మధ్యలో గీత గీసినట్టు. కూలీలు అటు నుంచి పరిగెత్తుకొస్తున్నారు, వాళ్ళ వెంట ఎవరొస్తారో తెలియదు. చెప్పు కాలితో గబగబా ఆ పెళ్ళల్ని తన్ని చిదిమాడు, గడ్డి విడిగా, మట్టి విడిగా, గీత చెరిగిపోయేలా. ఎంతసేపు, లెక్కపెడితే యాభై అంకెలు. నరసన్న చూస్తూనే ఉన్నాడు. దేనికి తంతున్నాడో వాడికి అర్థమైంది, ఆ కళ్ళు చూస్తే తెలిసింది. ఆ తరువాత వంగి నోట్లో మట్టి తీశాడు, నీళ్ళు తెమ్మని అరిచాడు, అందరికన్నా గట్టిగా అరిచాడు. నీళ్ళు వచ్చేసరికి ఆ కళ్ళు ఎవరినీ చూడడం లేదు. "సచ్చినోడు ఒగడు, బిల్లు నిలబడిపోతే పస్తులుండేటోళ్ళు ఇరవై ఒగరు" అన్నాడు శేషన్న ఆ సాయంత్రం, కూలీలందరినీ కూర్చోబెట్టి. రెండు వారాల కూలి బిల్లు వచ్చాకే అన్నాడు.

ఆదోని కొండలు కనపడుతున్నాయి, గుండ్లు ఎండలో మాడిపోతూ. జిన్నింగు మిల్లుల దుమ్ము. శాంతమ్మ కాగితం రెండు చేతులతో తిరిగి ఇచ్చింది, ప్రసాదం ఇచ్చినట్టు. దాన్ని తీసుకుంటున్నప్పుడు మహానంది లోపల ఏదో తిరగబడింది. ఇచ్చేద్దాం. నిజమైందే ఇచ్చేద్దాం. ఏమవుతుంది? ఇరవై ఎనిమిదో తేదీన పనిలో ఉన్నాడని రుజువు, విచారణ వస్తుంది, ఉద్యోగం పోతుంది, శేషన్న పళ్ళు నూరుతాడు. పోనీ. నాన్న ఒక పూట మగ్గం ఆపలేదా. అనుకునే కొద్దీ అతనికి తన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కళ్ళు చెమర్చాయి కూడా. మహానంది ఎంత మంచివాడు అని సరస్వతి అనుకుంటుంది, ఊళ్ళో చెప్పుకుంటారు, శాంతమ్మ కూతురు పెళ్ళికి పిలుస్తుంది. యాభై అంకెల తన్నుడుకు ఒక కాగితంతో చెల్లు. ఇరవై ఒక్కరి కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి వదిలాడు. కాలి వేళ్ళ ముద్రలు పత్తితో పాటు తుమ్మకంపల్లోకి పోయాయి. బస్సు దిగేసరికి ఒళ్ళు తేలికగా ఉంది. ఆఫీసు గేటు దగ్గర ఆమెను నిలబెట్టి, "ఈడనే ఉండు తల్లీ, నేను సూసుకుంటా" అన్నాడు. తల్లీ అని అన్నందుకు తనకే ముచ్చటేసింది.

లోపల సంతలా ఉంది. ప్రతి బల్ల మీదా ఫైళ్ళ గుట్టలు, గుట్టల మధ్య టీ గ్లాసులు, ప్రింటరు ఆగకుండా కాగితాలు కక్కుతోంది. మధు సార్ ముప్పై ఏళ్ళవాడు, మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. సంచి అందుకుని, తీసి, తడి వేలితో తిప్పి, మస్టర్ కాగితం దగ్గర ఆగాడు. మహానంది గొంతు సర్దుకుని, నిలువుగా నిలబడి, బస్సులో తయారు చేసుకున్న మాట అనబోయాడు. "సార్, అందులో నరసన్న అని..."

"ఇదేంటికి తెచ్చినావప్పా?" అన్నాడు మధు సార్. "ఇరవయ్యారు నుంచి మస్టరేంది? పని ఇరవై ఐదుకే అయిపోయింది గదా."

"లేదు సార్, మొన్న శనివారం గూడా..."

"శేషన్న పొద్దున్నే ఫోన్ చేసినాడు. కంప్లీషన్ ఇరవై ఐదు అని రాసేసినా. నువ్వు పంపిన ఫోటో గూడా పెట్టేసినా. పని ముగిసినాక కూలీలు యాడ నుంచి వస్తారప్పా?" అని నవ్వాడు. అలసిపోయిన నవ్వు, చెడ్డ నవ్వు కూడా కాదు.

"కొలత సార్? దిబ్బలు మీరు సూడలేదు..."

"ఏ దిబ్బలు? ఎస్టిమేటులో ఎనిమిదుంటే కుంటలో ఎనిమిదే ఉంటాది. మార్చిలో ఎవురన్నా పోయి కొలుస్తారా? పోయిన బుధవారమే రాసేసినా."

బుధవారం. అంటే మహానంది చొక్కా విప్పి మట్టి పిసికిన శుక్రవారానికి ముందే పుస్తకంలో ఎనిమిది పడిపోయింది. ఆ దిబ్బలు ఆరడుగులే ఉన్నా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నీడ నడుము దాకానే ఉండేది, కాళ్ళు ఎండలో పెట్టుకుని నరసన్న తిట్టుకుంటూ లేచేవాడు. అతుకు ఎవరి కోసమూ కాదు. ఇంత అర్థమయ్యాక మహానందికి రావాల్సింది ఏమిటో అతనికి తెలుసు. కానీ వచ్చింది అది కాదు. మోకాళ్ళ దాకా హాయి వచ్చింది, ఎండలోంచి ఇంట్లోకి వచ్చి కుండ నీళ్ళు తాగినట్టు. విచారణ లేదు. ఉద్యోగం ఉంది. నరసన్న పని ముగిసిన మూడు రోజులకు, ఎవరికీ సంబంధం లేని చోట, వడదెబ్బకు పోయాడు. అప్పుడే ఎవరో పెద్ద పొట్లంలో బొరుగుల ఉగ్గానీ, మిరపకాయ బజ్జీలు తెచ్చారు. బల్ల మీద ఖాళీ లేదు. మధు సార్ ఆ మస్టర్ కాగితాన్నే ఫైళ్ళ మీద పరిచి, "తినప్పా, పొద్దున్నుంచి తినింటావో లేదో" అన్నాడు. వేడి బజ్జీలు కాగితం మీద పడ్డాయి. నూనె నెమ్మదిగా పద్దెనిమిదో గడి దాకా పాకి, తోకను పట్టుకుంది. మహానందికి నిజంగానే ఆకలిగా ఉంది. రెండు తిన్నాడు, మూడోది కూడా తిన్నాడు. బాగున్నాయి. రెండో తేదీన వచ్చి ఆర్డరు తీసుకోమన్నాడు మధు సార్.

గేటు దగ్గర శాంతమ్మ గోడ నీడలో కూర్చుని ఉంది, అతన్ని చూసి లేచింది.

"పెట్టినారా అన్నా?"

"పెట్టినారు. పేరుంది." ఇరవై ఐదో తేదీ దాకా ఉంది కదా, అది అబద్ధం కాదు.

"ఇంగొక్కసారి సూపిచ్చవా? మూసేస్తే మళ్ళ యాడ సూస్తాను."

"లోపల పెట్టేసినారమ్మా. మూసేసినారు."

ఆమె తలుపు వైపు చూసింది, అతని నోటి అంచున ఏదో అంటుకుని ఉంటే దాని వైపు చూసింది. చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"రేపు తెరుస్తారు గదా?"

"తెరుస్తారు."

"అట్లయితే రేపొస్తా. రేపు కాకుంటే ఎల్లుండి. రోజూ వస్తాలే అన్నా, నాకేం" అంది. "బస్సు ఊరికేనే గదా."